సగంలో ఆగినవాళ్ళు

నా ఇంటిదానికి నీ ఇంటాయన రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే ఎంతమందిమని, మీ అమ్మా నేనూ. ఆవిడ మోకాళ్ళు మాట వినడం లేదు గానీ నోరు మాత్రం దివ్యంగా పనిచేస్తోంది. నువ్వూ క్షేమమేనని రాశావు. అదే ఉత్తరం రెండో పేజీ చదివాక మాత్రం ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. ఆ రెండో పేజీకి జవాబు చివర్లో రాస్తాను. ముందే దానికి దిగితే మిగతావి రాయలేను. నువ్వు మాత్రం ముందుకు దూకి చదవకు, నీకా అలవాటుంది.

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను. మీ అమ్మ మందులు వేసుకుంటోంది. నేను చూస్తుండగా వేసుకుంటోంది, చూడనప్పుడు ఏం చేస్తుందో నాకు తెలియదు. వంటింట్లో కుళాయి కారడం ఆగింది. కొట్టు బాగానే నడుస్తోంది. వానలు పట్టాయి కదా, ఊళ్ళోవాళ్ళ అటకలమీది గొడుగులన్నీ దిగి బాగుకి వస్తున్నాయి, సగం వాటికి ఊచలు విరిగి ఉన్నాయి. ఎదురుకొట్టు గడియారాలాయన నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. ఆసుపత్రి పనికి ఏడాదికని వెళ్ళిన మనిషి ఇంకా రాలేదేమని కూడా అడిగాడు. కాగితాల పని ఏదో మిగిలిందట అన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఆయనకీ తెలిసిపోయింది.

"ఇంకా రాస్తున్నారా, మానేశారా?" అని అడిగావు. రాస్తున్నాను. పొద్దున్నే వెళ్ళి షట్టరు సగమే ఎత్తి, సామాన్లు చుట్టే ఖాకీ కాగితం చుట్టలోంచి ఒక బారెడు లాగి బల్లమీద పరిచి, పెన్సిలు తీస్తాను. గిరాకీ మొదలయ్యేదాకా నాదే రాజ్యం. కాకపోతే నాలుగు వాక్యాలు పడగానే నా లోపల ఒకాయన గొంతు సవరించుకుంటాడు. ఆయన సంగతి నీకిదివరకే చెప్పాను. జిప్పులు వేసేవాడివి జిప్పులు వేసుకో అని ఆయన ఎన్నడూ అనలేదు, అంటే పోట్లాడేవాడిని. "ఇది ఎవరికోసం రాస్తున్నట్టు?" అని మర్యాదగా అడుగుతాడు. పెన్సిలు పక్కన పెట్టేస్తాను. పత్రికవాళ్ళు నా కథ తిప్పి పంపినప్పుడు నువ్వన్నావు, "జిప్పు సగం వేసి సంచి తిరిగి ఇచ్చేస్తారా? మరి కథలెందుకు సగంలో వదిలేస్తారు?" అని. అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఆ సగం రాసిన కాగితాలు నేనేం చేసేవాడినో నీకెప్పుడూ చెప్పలేదు. పారేయడానికి మనసు ఒప్పేది కాదు, దాచుకుందామంటే సిగ్గు. అందుకని పామూ చావకుండా కర్రా విరక్కుండా ఒక మార్గం కనిపెట్టాను. రాసిన వైపు లోపలికి వచ్చేలా మడిచి, బాగుచేసిన గొడుగో సంచో అందులో చుట్టి మనిషి చేతికిచ్చేవాడిని. వాళ్ళు ఇంటికెళ్ళి చింపి పారేస్తారు, పీడా పోతుంది అనుకున్నాను. చాలాకాలంగా అలాగే నడిచింది. ఎవరూ ఏమీ అనలేదు.

వానలు మొదలైన వారంలో, ఒక మధ్యాహ్నం, బస్సు కండక్టరొకాయన కొట్టుకి వచ్చాడు. యూనిఫారం, చంకలో తోలుసంచి. కుడిచెయ్యి కాస్త ముందుకి చాచి ఉంది, ఎవరి భుజం మీదో వెయ్యబోయి ఆగినట్టు. చెయ్యి పట్టేసిందేమో అనుకున్నాను.

"నాదయిందా అండీ?" అన్నాడు.

"చీటీ ఇవ్వండి, చూస్తాను."

"మీరు చీటీ ఇవ్వలేదండీ."

"ఏం వస్తువు?"

"వస్తువు కాదండీ. ఆఖరి స్టాపొచ్చేసింది. ఆయన లేవట్లేదు."

వెళ్ళి గోడవారన బెంచీ మీద కూర్చున్నాడు. ఆ చెయ్యి అలాగే ఉంది. నేనొక సంచికి పిడి కుడుతున్నాను, సూది వేల్లో దిగింది. ఎందుకంటే ఆయన నాకు తెలుసు. ఒక కండక్టరు, ఖాళీ బస్సు, వెనకసీట్లో నిద్రపోతున్న ఒకే ఒక ప్రయాణికుడు, లేపడానికి కండక్టరు చెయ్యి చాచడం, అంతదాకా రాశాను. అక్కడే లోపలాయన గొంతు సవరించుకున్నాడు. ఆ కాగితంలో ఎవరో పంతులుగారి గొడుగు చుట్టి ఇచ్చేశాను.

మొదట ఇదేదో వేళాకోళమనుకున్నాను. కాగితం ఎవరి చేతిలోనో పడింది, చదివారు, నన్ను ఆటపట్టించడానికి ఎవరికో వేషం వేసి పంపారు అని. గడియారాలాయన మీదే అనుమానం. కానీ మర్నాడు ఒకావిడ వచ్చింది. బయట కుండపోత వాన, ఆవిడ మీద ఒక్క చుక్క లేదు. మాటిమాటికీ భుజం మీంచి వెనక్కి చూసుకుంటోంది. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను, కాస్త తొందరగా చూడండి" అంది. కొట్టంతా పాలు పొంగబోయే వాసన. ఆవిణ్ణి పాలగిన్నె ముందు నిలబెట్టింది నేనే. గిన్నె అంచు దాకా నురగ వచ్చింది అని రాసి, అక్కడ వదిలేశాను. అది కథల్లో చిన్నది, అందులో ఏం చుట్టానో కూడా గుర్తులేదు.

నువ్వు భయపడతావని రాస్తున్నాను, వాళ్ళు ఏమీ చెయ్యరు. అల్లరి లేదు, హడావిడి లేదు. నేను షట్టరు ఎత్తేసరికి బెంచీ మీద ఉంటారు. షట్టరు దించేటప్పుడు మర్యాదగా లేచి, లోపలే, గొడుగుల వెనక చీకట్లోకి జరుగుతారు. వాళ్ళకి కావలసింది ఒక్కటే, అది రోజుకొకసారి అడుగుతారు. గిరాకీవాళ్ళకి వాళ్ళు కనిపించరనుకుంటాను. కానీ వానలు మొదలైనప్పటినుంచీ ఆ బెంచీ మీద ఒక్కరూ కూర్చోలేదు. కాళ్ళు లాగుతున్నా నిలబడే ఉంటున్నారు.

ఒకరోజు మీ అమ్మ భోజనం క్యారేజీ పట్టుకుని తనే వచ్చింది, నా వాలకం చూసి అనుమానమొచ్చినట్టుంది. ఆయాసపడుతోంది.

"కూర్చోండి అత్తయ్యా" అని బెంచీ చూపించాను.

ఆవిడ బెంచీ వంక చూసింది. "ఎక్కడ కూర్చోమంటావు అల్లుడూ, చోటుంటే కదా?"

"ఎవరున్నారక్కడ?"

మళ్ళీ చూసింది. ఈసారి ఎక్కువసేపు చూసింది. "ఎవరూ లేరు" అంది. క్యారేజీ బల్లమీద పెట్టి, గొంతు తగ్గించి, "వీళ్ళు పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళలా లేరు. పిలిచినవాడివి నువ్వే అయితే పంపాల్సిందీ నువ్వే" అంది. ఎవరూ లేరన్నారు కదా అని నేను అడగలేదు. అప్పటినుంచి క్యారేజీ గడప బయటినుంచే అందిస్తోంది.

మర్నాడు పొద్దున్నే కండక్టరు కథ గుర్తున్నంతవరకూ మళ్ళీ రాసి ముందేసుకున్నాను. త్వరగా వదిలించుకోవాలని నాకు తోచిన తియ్యటి ముగింపు పెట్టాను. నిద్రపోతున్నది చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముడట, లేపగానే ఒకరినొకరు గుర్తుపట్టారట. కండక్టరు లేచి వెళ్ళిపోయాడు. బెంచీ మీద ఆయన చోటు ఖాళీ అవడం చూసి ఈల కూడా వేశాను. సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఎవరి గొడుగో ఇచ్చేస్తే మనుషులు తిరిగొస్తారే, అలా వచ్చాడు.

"ఇది నాది కాదండీ" అన్నాడు. కోపం లేదు. చెయ్యి ఇంకా చాచే ఉంది, కాస్త వణుకుతోంది.

ఆ వణుకు చూశాక రెండురోజులు అన్నం సయించలేదు. ఆయనకి ఏం జరిగిందో తెలుసుకోకుండా నాకు కావలసింది అంటగట్టాను. మళ్ళీ కూర్చుని, ఆ బస్సులో ఆ మనిషి పక్కన నిలబడితే ఏం జరుగుతుందా అని ఆలోచించాను. ఏమీ జరగదు. భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ మనిషి కళ్ళు తెరిచి "దిగాలా?" అంటాడు. "దిగాలండీ" అంటాడు కండక్టరు. ఇద్దరూ దిగుతారు. అంతే రాశాను. తల ఎత్తేసరికి కండక్టరు చెయ్యి కిందికి దించి, రెండో చేత్తో మోచెయ్యి రుద్దుకుంటున్నాడు. నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

తర్వాత పాలావిడ. పాలు పొంగిపోయాయి. ఆవిడ ఆపలేదు, నిలబడి చూసింది. పొయ్యి తుడిచి, పొద్దుటినుంచి మొదటిసారి నేలమీద చతికిలబడింది. అదీ అంతే. ఆ రెండు కథలూ గొప్పవి కావు. లోపలాయన ఆ మాటే అన్నాడు. "అవును" అన్నాను. ఆ జవాబు ఆయనెప్పుడూ విననట్టుంది.

ఇన్నాళ్ళూ నా అనుమానం నాకొక్కడికే బరువనుకున్నాను. రాయలేకపోతే నష్టం నాదే కదా, ఎవడికి నొప్పి అనుకున్నాను. సగంలో నిలబెట్టిన మనిషికి చెయ్యి నొప్పి పుడుతుందని నాకు తోచలేదు. అందుకే ఇప్పుడు రోజూ రాస్తున్నాను. బాగుందా లేదా అని చూడటం లేదు, అయిందా లేదా అని చూస్తున్నాను. నువ్వీ మాట విని సంతోషిస్తావు. కానీ నిన్ను పూర్తిగా సంతోషపడనివ్వను, ఎందుకంటే బెంచీ మీద ఇంకొకరు ఉన్నారు.

ఇక నీ రెండో పేజీ. నువ్వు రాసింది మళ్ళీ నీకే చూపిస్తాను. "ఏడాది గడువు అయిందని ఆసుపత్రిలో నన్ను పనిలోంచి పంపేశారు, దుప్పట్ల గది తాళాలు కొత్తమనిషికి అప్పజెప్పాను. పెట్టె సర్దుకున్నాను. రోజూ పొద్దున పెట్టె పట్టుకుని గుమ్మం దాకా వస్తాను. అక్కడ కాలు ఆగిపోతుంది. భయం కాదు, జబ్బూ కాదు. ఎవరో 'ఉండు, చెప్తాను' అని లోపలికెళ్ళి నన్ను మర్చిపోయినట్టు ఉంటుంది. నాకు అరనిమిషం నిలబడ్డట్టే ఉంటుంది. పక్కగది నర్సు డ్యూటీకి వెళ్తూ నన్ను చూసిందట, తిరిగొచ్చేటప్పటికీ అక్కడే ఉన్నానట. బస్సు రోజూ వెళ్ళిపోతోంది. ఏమిటండీ ఇది?"

ఏమిటో నాకు తెలుసు. చెప్పడానికి ఇంతదూరం రావలసి వచ్చింది.

నీ చేతిసంచికి కొత్త జిప్పు వేసి పార్సిలు పంపాను కదా. ఆ రోజు కాగితం చుట్ట అయిపోయింది, పోస్టాఫీసు మూసేస్తారని తొందర. బల్లకింద చేతికందిన ముక్కలో చుట్టి తాడు కట్టేశాను. ఆ ముక్కలో ఉన్నది నీ కథ. నువ్వు తిరిగి రావడం గురించి మొదలుపెట్టాను. "ఆమె పెట్టె పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది" అనే వాక్యం దగ్గర ఆపేశాను. నువ్వు పార్సిళ్ళు విప్పే తీరు నాకు తెలుసు, కాగితం వంక కన్నెత్తి చూడవు. చూసి ఉంటే ఈపాటికి ఏదో ఒకటి దెప్పేదానివి.

బెంచీ మీద ఉన్న మూడోమనిషి, ఆ పార్సిలు నీకు అందిందని జాబు వచ్చిన రోజునుంచీ ఉంది. ఆమె ఏమీ అడగదు. పక్కన పెట్టె, దాని పిడికి నా కుట్టు. జుట్టు ముడిలో నీలాగే పెన్సిలు గుచ్చుకుంది. ముఖం కనిపించదు. నేను బల్లకి ఇటు వెళ్ళినా అటు వెళ్ళినా, ఆమె వీపే నావైపు ఉంటుంది. కథలో నిన్ను వెనకనుంచే రాశాను, ముఖం రాసే ధైర్యం చాలలేదు. అందుకని ఆమెకి ముఖం లేదేమో అనిపించి, ఒకరోజంతా అటు చూడకుండానే పని చేశాను.

ఆ కథ ఎందుకు ఆపానో కూడా చెప్పేస్తాను. ఈసారి గొంతు సవరించుకున్నది లోపలాయన కాదు, నేనే. నెపం మాత్రం ఆయన మీదికి తోశాను. నీ ఉత్తరాల్లో మొదట్లో "ఆ గది" అని రాసేదానివి. వేసవి దాటాక అది "నా గది" అయింది. తర్వాత "నా కిటికీ" వచ్చింది. పెద్ద నర్సమ్మ ఇక్కడే ఉండిపో, పని చూపిస్తానంది అని రాశావు, నువ్వేమన్నావో రాయలేదు. నువ్వు గుమ్మం దాకా వచ్చాక ఎటు తిరుగుతావో నాకు తెలియలేదు. తెలుసుకోవడం ఇష్టం లేక నిన్నక్కడే నిలబెట్టాను. నువ్వు రావాలని నాకు చాలా ఉంది. రావేమోనని చాలా భయంగా ఉంది. ఈ రెండు మాటలూ ఎదురుగా చెప్పలేక కథ మొదలుపెట్టాను, కథలోనూ చెప్పలేకపోయాను.

ఇవాళ పొద్దుటినుంచీ ఈ ఉత్తరం రాస్తున్నాను. గిరాకీ రాకుండా షట్టరు సగమే ఎత్తి ఉంచాను. ఆమె అక్కడే ఉంది. నీ రెండో పేజీ మడిచి జేబులో పెట్టుకుని, ఇందాక ఉత్తరం ఆపి, కొత్త ఖాకీ కాగితం పరిచి ఆ వాక్యం మళ్ళీ రాశాను. దాని కింద "ఆమె ఇంటికి వచ్చేసింది" అని రాశాను. కండక్టరు వణుకు గుర్తొచ్చి చెరిపేశాను. "ఆమె రాలేదు" అని రాశాను. అదీ చూసి రాసింది కాదు, భయం రాయించింది. అది చెరిపేటప్పుడు కాగితానికి చిల్లు పడింది. తల ఎత్తాను. ఆమె వీపు కదలడం చూశాను, మనిషి ఊపిరి పీల్చి వదిలినప్పుడు కదిలేటంత.

చివరికి "ఆమె గుమ్మం దాటింది" అని రాసి చుక్క పెట్టాను.

"ఇంతేనా?" అన్నాడు లోపలాయన.

"ఇంతే."

"ఎటు వెళ్ళింది?"

"అది ఆమెకి తెలుస్తుంది."

బెంచీ కిర్రుమంది. ఆమె లేచింది. వీధిలోకి వెళ్ళాలంటే నా బల్ల ముందునుంచే వెళ్ళాలి, అంటే నాకు ఎదురుగా రావాలి. ఇన్నాళ్ళూ ఆ ముఖం చూడాలనీ ఉంది, చూడకూడదనీ ఉంది. అడుగులు దగ్గరికొచ్చాయి. నేను తల వంచుకుని ఎవరిదో గొడుగు ఊచ పట్టుకున్నాను. ఆమె బల్లముందు ఆగింది. నేను తల ఎత్తలేదు, ఎత్తితే నా ముఖం చూసి ఆమె ఇంటివైపు తిరుగుతుందేమో, అలా తిరగడం నాకు వద్దు. పెట్టె చక్రం గడప మీద ఒకసారి తగిలిన చప్పుడైంది. కుడికి వెళ్తే మన ఇల్లు, ఎడమకి వెళ్తే బస్సులు. నేను బయటికెళ్ళి చూడలేదు.

బెంచీ ఇప్పుడు ఖాళీగా ఉంది. ఇందాక కొత్త గిరాకీ ఒకాయన షట్టరు కిందనుంచి వంగి వచ్చి, ఏమీ ఆలోచించకుండా దానిమీద కూర్చుని బూటు విప్పుకున్నాడు.

సాయంత్రం పోస్టు పెట్టెలో ఇది వేసేస్తాను. అన్నీ రాసి ఇలా అంటున్నానేమిటని అనుకోకు, ఈ ఉత్తరం నువ్వు చదవకూడదని నా కోరిక. పోస్టాయన నీ గది తలుపు కొట్టాలి, లోపలినుంచి ఎవరూ పలక్కూడదు. పక్కగది నర్సు బయటికొచ్చి, ఆవిడ పెట్టె తీసుకుని వెళ్ళిపోయారండీ అని చెప్పాలి. అప్పుడిది విప్పకుండానే నా దగ్గరికి తిరిగొస్తుంది. నువ్వెటు వెళ్ళావో అందులో ఉండదు. నువ్వు కదిలావని మాత్రం తెలుస్తుంది, నాకది చాలు. చాలదు, కానీ చాలనుకుంటాను.

ఈ మాటలు నువ్వు చదువుతున్నావంటే, నువ్వింకా ఆ గుమ్మంలోనే ఉన్నావన్నమాట. ముందు పెట్టె కింద పెట్టు, చెయ్యి నొప్పి పుడుతుంది. తప్పు నీ కాలిది కాదు, నా వాక్యానిది. సరిగ్గా కుదరలేదు. రేపు పొద్దున్నే మళ్ళీ రాస్తాను. అదీ కుదరకపోతే ఎల్లుండి రాస్తాను.

ఇట్లు,
నిన్ను నిలబెట్టిన
నీ ఇంటాయన